లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌కు బూట్ ఆప్షన్లు అమర్చడం: ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ఏ కంప్యూటర్‌కు తగిలించినా డెబియన్ లైవ్ సిస్టమ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే డెబియన్ లినక్స్‌తో) తెరుచుకునే పెన్‌డ్రైవ్‌ను, నాకు కావలసిన బూట్ ఆప్షన్లతో (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు దానికి ఇచ్చే సూచనలతో), నేనే తయారు చేసుకోవాలన్నది ఈ పని ఉద్దేశం. మెనులో మూడు వరుసలు ఉంటే చాలు. నేను దాచిన ఫైళ్లు తరువాతి సారికి కూడా నిలిచి ఉండేది ఒకటి, సిస్టమ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించుకొని పెన్‌డ్రైవ్‌ను తీసేయనిచ్చేది మరొకటి, తెర నల్లబడి మొరాయించే యంత్రాల కోసం ఇంకొకటి. నా దగ్గరున్న 32 జీబీ పెన్‌డ్రైవ్ ఇందుకు ధారాళంగా సరిపోతుంది.

ఆప్షన్ల పేర్లను ఈ డైరీలో పలికే తీరునే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు, వేరేగా చెప్పినచోట తప్ప, అవన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలలో, ఒక్కో ఆప్షన్ లోపల ఖాళీ లేకుండా, ఆప్షన్‌కూ ఆప్షన్‌కూ నడుమ ఒక ఖాళీతో ఉంటాయి.

మొదట అందరూ చేసే పనే చేశాను. ఐఎస్‌ఓ ఫైలును (సిస్టమ్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన నకలును) డీడీ కమాండ్‌తో పెన్‌డ్రైవ్ మీదికి యథాతథంగా దించాను. బూట్ అయింది. సిస్టమ్‌ను ఎక్కించే ప్రోగ్రామైన గ్రబ్ మెను కనిపించగానే ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఒక ఆప్షన్ చేర్చి, కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఆ ఒక్కసారికి అది పనిచేసింది కూడా. అయితే అలా చేసిన మార్పు ఎక్కడా రాయబడదు కనుక, మళ్లీ ఆన్ చేసేసరికి మాయమైంది. శాశ్వతంగా ఉంచాలంటే పెన్‌డ్రైవ్‌లో ఉన్న గ్రబ్ సెట్టింగుల ఫైలునే మార్చాలి. చిక్కు అక్కడ వచ్చింది. డీడీతో దించినప్పుడు పెన్‌డ్రైవ్ మీద పడేది సీడీల కోసం రూపొందిన ఐఎస్‌ఓ 9660 ఫైల్ సిస్టమ్. దానిని రూట్ (నిర్వాహకుడి) అధికారంతో మౌంట్ చేసినా, అంటే సిస్టమ్‌కు జతచేసి తెరిచినా, చదవగలమే తప్ప ఒక్క అక్షరం కూడా రాయలేము. మార్చవలసి వస్తే ఐఎస్‌ఓను విప్పి, లోపలి ఫైలును దిద్ది, జోరిసో వంటి సాధనంతో మళ్లీ కట్టుకోవాలి. మెనులో మాట మార్చిన ప్రతిసారీ ఇంత తతంగం నావల్ల కాదు.

ఇంకొక ఇబ్బంది కూడా గమనించాను. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్‌లో బయోస్ పాత రకం, యూఈఎఫ్‌ఐ కొత్త రకం. నేను దించిన ఐఎస్‌ఓలో పాత బయోస్ యంత్రాల కోసం ఐసోలినక్స్ మెను, యూఈఎఫ్‌ఐ యంత్రాల కోసం గ్రబ్ మెను వేరువేరుగా ఉన్నాయి. మొదటి దానిలో వరుసను దిద్దడానికి ట్యాబ్ నొక్కాలి, రెండవ దానిలో ‘ఇ’ నొక్కాలి. మెను ఎంతసేపు ఆగాలో చెప్పే అంకెను ఐసోలినక్స్ సెకనులో పదో వంతులుగా తీసుకుంటుంది, గ్రబ్ సెకన్లుగా తీసుకుంటుంది. 50 అని రాస్తే ఒకచోట 5 సెకన్లు, మరొకచోట 50 సెకన్లు. రెండు మెనులను ఎప్పటికీ ఒకే తీరుగా ఉంచుకోవడం కంటే, రెండు రకాల యంత్రాలలోనూ గ్రబ్‌నే పెట్టి, ఐఎస్‌ఓను ఒక మామూలు ఫైలులాగా పెన్‌డ్రైవ్‌లో ఉంచి, దానిలోనుంచి బూట్ చేయడమే మేలని నిశ్చయించుకున్నాను.

రెండవ రోజు

పెన్‌డ్రైవ్‌ను పూర్తిగా చెరిపి, జీపీటీ అనే కొత్త పట్టిక పద్ధతిలో నాలుగు పార్టిషన్లు (భాగాలు) చేశాను. మొదటిది ఏ ఫైల్ సిస్టమూ లేని 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్. జీపీటీ డిస్కు మీద బయోస్ కోసం గ్రబ్ తన ప్రధాన భాగాన్ని దాచుకోవడానికి ఆ చోటు కావాలి. రెండవది యూఈఎఫ్‌ఐ కోసం 512 ఎంబీల ఫ్యాట్32. మూడవది ఐఎస్‌ఓలు ఉంచడానికి 12 జీబీల ఈఎక్స్‌టీ4. దీనిని కూడా ఫ్యాట్32గానే చేయవచ్చు గాని, ఆ ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలు 4 జీబీలకు చేరకూడదన్న పరిమితి ఎప్పుడో ఒకనాడు అడ్డుతగలక మానదు. మిగిలినదంతా నాలుగవది, నా ఫైళ్లు నిలిచి ఉండడానికి.

గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్‌ను రెండుసార్లు నడిపాను, ఒకసారి బయోస్ లక్ష్యంతో, ఒకసారి యూఈఎఫ్‌ఐ లక్ష్యంతో. రెండవసారి ‘రిమూవబుల్’ అన్న ఆప్షన్ తప్పనిసరి. అది లేకపోతే గ్రబ్ తన పేరును నేను పనిచేస్తున్న కంప్యూటర్ మదర్‌బోర్డు జ్ఞాపకంలో నమోదు చేస్తుంది. పెన్‌డ్రైవ్‌ను వేరే యంత్రానికి తగిలించినప్పుడు ఆ నమోదు అక్కడ ఉండదు. ‘రిమూవబుల్’ ఉంటే గ్రబ్ ‘ఈఎఫ్‌ఐ’ ఫోల్డర్‌లోని ‘బూట్’ ఫోల్డర్‌లో ‘బూట్ఎక్స్64’ అన్న పేరుతో కూర్చుంటుంది. ఏ నమోదూ లేని డిస్కు ఎదురైనప్పుడు 64 బిట్ల పీసీ ఫర్మ్‌వేర్ తనంతట తాను వెతికి చూసే చోటు అదే.

సాయంత్రం ఒక పాత బయోస్ యంత్రం ఈ పెన్‌డ్రైవ్‌ను బూట్ డిస్కుగా గుర్తించనే లేదు. జీపీటీ డిస్కు తొలి సెక్టారులో రక్షణ కోసం ఉండే నామమాత్రపు ఎంబీఆర్‌లో (పాత పద్ధతి పార్టిషన్ పట్టికలో) యాక్టివ్ గుర్తు లేకపోతే కొన్ని బయోస్‌లు దానిని పట్టించుకోవు. పార్టిషన్లను దిద్దే పార్టెడ్‌తో ఆ గుర్తు పెట్టాక లేచింది.

మూడవ రోజు

ఇవాళ మెను ఫైలు రాయడం మొదలైంది. ఒక్కో మార్పుకు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తూ కూర్చోవడం ఇష్టం లేక, పెన్‌డ్రైవ్‌నే డిస్కుగా చూపించి, కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను సృష్టించే క్యూఈఎంయూలో పరీక్షించే ఏర్పాటు చేసుకున్నాను. యూఈఎఫ్‌ఐ పరీక్షకు అలాంటి యంత్రాల కోసమే ఉన్న ఓవీఎంఎఫ్ ఫర్మ్‌వేర్‌ను జతచేశాను. పరీక్షలో పొరపాటున ఏదీ చెడిపోకుండా ‘స్నాప్‌షాట్’ ఆప్షన్ కూడా పెట్టాను. అది ఉంటే నడుస్తున్నంతసేపు రాసినదంతా తాత్కాలిక ఫైలులోకి పోతుంది, అసలు డిస్కు చెక్కుచెదరదు. ఈ వాక్యాన్ని తరువాత గుర్తు పెట్టుకోవలసి ఉండింది.

మెనులో ఒక్కో ఎంపికకు కావలసినవి నాలుగు వరుసలే. ఐఎస్‌ఓ ఉన్న పార్టిషన్‌ను వెతకాలి, లూప్‌బ్యాక్ కమాండ్‌తో ఆ ఐఎస్‌ఓను ఒక డిస్కులాగా తెరవాలి, దానిలోని ‘లైవ్’ ఫోల్డర్ నుండి కెర్నెల్‌ను (లినక్స్ మూలభాగాన్ని) ఆప్షన్లతో సహా ఎక్కించాలి, తరువాత ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను (కెర్నెల్ మొదట వాడుకునే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌ను) ఎక్కించాలి. వెతకడానికి డిస్కు సంఖ్యలు వాడకూడదని ముందే అనుకున్నాను. గ్రబ్ దృష్టిలో పెన్‌డ్రైవ్ ఒక యంత్రంలో హెచ్‌డీ0, మరొక యంత్రంలో హెచ్‌డీ1 కావచ్చు. పార్టిషన్ లేబుల్‌తో వెతికిస్తే ఆ బెడద ఉండదు.

కెర్నెల్ వరుసలో డెబియన్ లైవ్‌కు అలవాటైన ‘బూట్=లైవ్’, ‘కాంపొనెంట్స్’ రాసి, వాటి పక్కన ఐఎస్‌ఓ ఎక్కడుందో చెప్పే ‘ఫైండ్ఐఎస్‌ఓ=’ చేర్చాను. నడిపాను. గ్రబ్ కెర్నెల్‌ను కనుగొన్నది, కెర్నెల్ మొదలైంది, కొంతసేపు అక్షరాలు పరుగెత్తాయి, ఆ తరువాత లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కు ఏదీ కనబడలేదన్న సందేశంతో బిజీబాక్స్ షెల్‌లో (కమాండ్లు టైపు చేసే చిన్న అత్యవసర తెరలో) నిలబెట్టింది. అదే ఐఎస్‌ఓలోనుంచి కెర్నెల్‌ను ఇప్పుడే తీసుకొని, మరుక్షణమే ఆ ఐఎస్‌ఓ కనబడలేదనడం మొదట వింతగా తోచింది.

నిజానికి వింత ఏమీ లేదు. గ్రబ్ తెరిచిన లూప్‌బ్యాక్ గ్రబ్‌కు మాత్రమే తెలుసు. కెర్నెల్ చేతికి అధికారం రాగానే గ్రబ్ జ్ఞాపకం అంతా పోతుంది, ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోని లైవ్-బూట్ స్క్రిప్టులు తమ వెతుకులాటను మళ్లీ మొదటినుంచి చేస్తాయి. నేను ‘ఫైండ్ఐఎస్‌ఓ=’ తరువాత గ్రబ్ పద్ధతిలో బ్రాకెట్లలో డిస్కు పేరుతో సహా దారి రాశాను; లినక్స్‌కు ఆ బ్రాకెట్ల భాష తెలియదు. అక్కడ ఉండవలసినది పార్టిషన్ మొదలు నుంచి ఏటవాలు గీతతో ఆరంభమయ్యే మామూలు దారి మాత్రమే. ఏ పార్టిషన్ అన్నది లైవ్-బూట్ ఒక్కొక్కటే తెరిచి తానే తేల్చుకుంటుంది. ‘ఫ్రమ్ఐఎస్‌ఓ=’ అనే మరొక ఆప్షన్ ఉంది గాని, దానికి డిస్కు పేరు కూడా చెప్పాలి; యంత్రం మారితే ఎస్‌డీఏ కాస్తా ఎస్‌డీబీ అవుతుంది కనుక పెన్‌డ్రైవ్‌కు అది పనికిరాదు.

బ్రాకెట్లు తీసేశాక డెస్క్‌టాప్ వచ్చింది. ఈ తప్పు వల్ల ఒక సంగతి తేటపడింది. బయటికి ఒకే వరుసలాగా కనిపించే ఆ ఆప్షన్లను చదివేవారు ఒకరు కాదు. ‘బూట్=లైవ్’ అన్నది ఏ స్క్రిప్టు నడపాలో ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కు చెబుతుంది; ‘ఫైండ్ఐఎస్‌ఓ=’, ‘టురామ్’, ‘పర్సిస్టెన్స్’ అన్నవి లైవ్-బూట్ చదువుకుంటుంది; ‘కాంపొనెంట్స్’, ‘యూజర్‌నేమ్=’, ‘లొకేల్స్=’ లైవ్ సిస్టమ్ సెట్టింగులు అమర్చే లైవ్-కాన్ఫిగ్‌వి; ‘నోమోడ్‌సెట్’ కెర్నెల్‌ది; ‘సిస్టమ్‌డీ.యూనిట్=’ అన్నది పేరులోనే చెబుతున్నట్టు, సిస్టమ్‌లోని సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీది. తనది కాని మాటను వీరిలో ఎవరూ తప్పు పట్టరు, మౌనంగా దాటిపోతారు. అందుకే అక్షరదోషం ఉన్న ఆప్షన్ కూడా ఏ ఫిర్యాదూ లేకుండా బూట్ అయిపోతుంది. ఇకమీద ఏ ఆప్షన్ చేర్చినా ముందు దానిని చదివేది ఎవరో రాసుకుంటాను.

నాలుగు, ఐదు రోజులు

పర్సిస్టెన్స్ రెండు రోజులు తినేసింది.

లైవ్ సిస్టమ్‌లో అసలు ఫైళ్లన్నీ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన, రాయడానికి వీలులేని ఫైలులో ఉంటాయి. దాని మీద ఓవర్‌లేఎఫ్‌ఎస్ ఒక పలుచని పొరను పరుస్తుంది. మనం మార్చినవన్నీ ఆ పై పొరలో పడతాయి. ఓవర్‌లేఎఫ్‌ఎస్ 2014లో 3.18 వెర్షన్‌తో ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది. మామూలుగా ఆ పై పొర ర్యామ్‌లో ఉంటుంది, అందుకే కంప్యూటర్ ఆపగానే అంతా పోతుంది. దానిని డిస్కు మీదికి మళ్లించడమే పర్సిస్టెన్స్ చేసే పని.

నాలుగవ పార్టిషన్‌ను ఈఎక్స్‌టీ4గా చేసి ‘పర్సిస్టెన్స్’ అని లేబుల్ పెట్టాను, కెర్నెల్ వరుసలో ఆప్షన్ చేర్చాను, బూట్ చేసి డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ ఫైలు పెట్టాను, రీస్టార్ట్ చేశాను. ఫైలు లేదు. చూస్తే నేను రాసినది ‘పర్సిస్టెంట్’. అది ఉబుంటు లైవ్ సిస్టమ్ వాడే క్యాస్పర్ స్క్రిప్టుల మాట. డెబియన్ లైవ్-బూట్‌కు కావలసినది ‘పర్సిస్టెన్స్’. రెండింటి అలవాటూ ఉన్న చేతికి ఇలాంటి తప్పు సహజమే గాని, ఎవరూ చెప్పకపోవడమే బాధ. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో వెతికితే, గుర్తుపట్టని ఆప్షన్లను యూజర్ స్పేస్‌కు పంపుతున్నానని కెర్నెల్ ఒక వరుస రాసింది. ఆ జాబితాలో నా తప్పు మాటతో పాటు ‘బూట్=లైవ్’ కూడా ఉంది. కెర్నెల్ దృష్టిలో రెండూ తనవి కానివే కనుక, ఆ వరుసతో తప్పొప్పులు తేలవు.

మాట దిద్దాక కూడా ఫైలు నిలవలేదు. ఈసారి కారణం వేరు. లేబుల్ ఒక్కటే చాలదు. ఆ పార్టిషన్ మొదట్లోనే ‘పర్సిస్టెన్స్.కాన్ఫ్’ అనే ఫైలు ఉండాలి, ఏ ఫోల్డర్లు నిలవాలో అందులో వరుసకొకటి చొప్పున రాయాలి. ఆ ఫైలు లేని పార్టిషన్‌ను లైవ్-బూట్ వాడుకోదు. ఏటవాలు గీత ఒకటి, దాని పక్కన ‘యూనియన్’ అని రాస్తే సిస్టమ్ మొత్తం నిలుస్తుంది. అలాగే రాశాను.

అప్పటికీ నిలవలేదు. లాగ్ ఫోల్డర్‌లో లైవ్-బూట్ రాసుకున్న నివేదిక చదివాను, మౌంట్ జాబితా చూశాను. నాలుగవ పార్టిషన్ చక్కగా జతపడి ఉంది, ఫైలు అందులోకే వెళ్తోంది. క్యూఈఎంయూను మూసి మళ్లీ నడిపితే శుభ్రంగా ఖాళీ. పెన్‌డ్రైవే చెడిపోయిందేమోనని అనుమానించి చెడు బ్లాకుల పరీక్ష కూడా పెట్టాను. మరునాడు ఉదయం క్యూఈఎంయూ కమాండ్‌ను మళ్లీ టైపు చేస్తుండగా ‘స్నాప్‌షాట్’ కంటబడింది. పెన్‌డ్రైవ్‌ను కాపాడమని నేనే చెప్పాను, అది తు.చ. తప్పకుండా కాపాడుతోంది. ఆ ఆప్షన్ తీసేయగానే ఫైలు నిలిచింది. అది లేకుండా నడిపేటప్పుడు అదే పార్టిషన్‌ను ఇవతలి సిస్టమ్‌లో మౌంట్ చేసి ఉంచకూడదన్న జాగ్రత్త మాత్రం తప్పదు. ఇద్దరు ఒకేసారి రాస్తే ఈఎక్స్‌టీ4 పాడవుతుంది.

ఆరవ రోజు

‘టురామ్’ ఆప్షన్ చేర్చిన ఎంపిక మొదటిసారికే పనిచేసింది. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైలు మొత్తం ర్యామ్‌లోకి నకలవుతుంది కనుక బూట్ నెమ్మదిస్తుంది, ఆ తరువాత ప్రోగ్రాములు చటుక్కున తెరుచుకుంటాయి. 4 జీబీల ర్యామ్ ఉన్న యంత్రంలో మాత్రం బూట్ వేగంగానే ముగిసింది, అదే నాకు అనుమానం కలిగించింది. వరుసలోనుంచి బూట్ సందేశాలను దాచే ‘క్వయట్’, ‘స్ప్లాష్’ తీసేసి మళ్లీ చూస్తే, ఖాళీ ర్యామ్ చాలదన్న హెచ్చరిక ఒకటి తెర మీద మెరిసి, లైవ్-బూట్ నకలు మానుకొని పెన్‌డ్రైవ్ నుంచే నడవడం కనబడింది. ఆ హెచ్చరిక చూడకుండా పెన్‌డ్రైవ్ లాగేసి ఉంటే సిస్టమ్ నడుస్తూ నడుస్తూ కుప్పకూలేది. అందుకని ఈ ఎంపికలో ఆ రెండు మాటలూ ఉంచడం లేదు. అక్షరాలు పరుగెత్తడం చూడడానికి బాగుండకపోవచ్చు, నాకు మాత్రం అదే నచ్చుతుంది. పెన్‌డ్రైవ్ తీసేముందు మౌంట్ జాబితాలో దాని పార్టిషన్ ఏదీ మిగలలేదని ఒకసారి చూసుకోవడం కూడా అలవాటు చేసుకుంటున్నాను.

పర్సిస్టెన్స్, టురామ్ రెండింటినీ ఒకే ఎంపికలో కలపడం కుదురుతుంది గాని, దానివల్ల నాకు ప్రయోజనం కనబడలేదు. రాయడానికి పెన్‌డ్రైవ్ ఉండి తీరాలంటే ర్యామ్‌లోకి ఎక్కించి తీసేయడమన్న మాటే లేదు.

ఎనిమిదవ రోజు

మొరాయించే యంత్రాల ఎంపిక. గ్రబ్ మెను చక్కగా కనబడి, ఆ తరువాత తెర నల్లబడడానికి కారణం ఎక్కువసార్లు ఒకటే. గ్రబ్ ఫర్మ్‌వేర్ ఇచ్చిన తెరనే వాడుకుంటుంది; కెర్నెల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ ఆ తెరను తన చేతిలోకి తీసుకునేటప్పుడు తేడా వస్తుంది. ‘నోమోడ్‌సెట్’ అంటే ఆ పని చేయవద్దని చెప్పడం. తెర స్పష్టత తగ్గుతుంది, పని మాత్రం నడుస్తుంది. దానితో పాటు ‘సిస్టమ్‌డీ.యూనిట్=మల్టీ-యూజర్.టార్గెట్’ చేర్చి డెస్క్‌టాప్ లేకుండా లాగిన్ వరకే ఆపాను.

తెరే లేని యంత్రాల కోసం ‘కన్సోల్=టీటీవై0’ (తెర), ‘కన్సోల్=టీటీవైఎస్0,115200’ (సీరియల్ పోర్టు; ఇందులో ‘టీటీవై’ తరువాతి ‘ఎస్’ మాత్రం పెద్ద అక్షరం) కూడా అదే ఎంపికలో రాశాను. కన్సోల్ ఆప్షన్‌ను ఎన్నిసార్లైనా రాయవచ్చు. కెర్నెల్ సందేశాలు అన్నిటికీ వెళ్తాయి, కాని చివర రాసినదే ప్రధాన కన్సోల్ అవుతుంది. నేను మొదట సీరియల్ పోర్టును చివర పెట్టాను. బూట్ మధ్యలో ఆగిపోయి షెల్ ఇచ్చినప్పుడు ఆ షెల్ సీరియల్ పోర్టుకు పోయి, తెర ముందు కూర్చున్న నాకు కీబోర్డు పనిచేయనట్టు కనిపించింది. వరుస తారుమారు చేశాను.

మెను పేర్లు తెలుగులో పెట్టే ప్రయత్నమూ చేశాను. యూనికోడ్ ఫాంటు ఎక్కించాక అక్షరాలు వచ్చాయి గాని, ఒత్తులు తమ అక్షరాల కింద కుదురుగా కూర్చోక విడివిడిగా పడ్డాయి. చదవలేని తెలుగు కంటే చదవగలిగే ఇంగ్లీషే నయమని వెనక్కి తగ్గాను.

పదకొండవ రోజు

పర్సిస్టెన్స్ ఎంపికలో వారం రోజులు పనిచేశాక ఒక ప్రమాదం ఎదురైంది. ప్యాకేజీల అప్‌డేట్ నడిపితే కొత్త కెర్నెల్ వచ్చింది, రీస్టార్ట్ చేస్తే పాత కెర్నెలే లేచింది. గ్రబ్ కెర్నెల్‌ను తీసుకునేది ఐఎస్‌ఓ లోపలి నుంచి. కొత్తది పడినది పర్సిస్టెన్స్ పొరలో. గ్రబ్‌కు ఆ పొర ఉన్న సంగతే తెలియదు. అంతవరకు నష్టం లేదు. అక్కరలేని ప్యాకేజీలను తీసేసే కమాండ్ ఇచ్చినప్పుడు అసలు దెబ్బ తగిలింది. పాత కెర్నెల్ మాడ్యూళ్లు ఆ ఊపులో చెరిగిపోయాయి. స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లో అవి భద్రంగానే ఉన్నా, ఓవర్‌లే వాటి మీద ‘ఇది లేదు’ అనే గుర్తు వేస్తుంది కనుక, తరువాతి బూట్‌లో వైఫై రాలేదు, శబ్దం రాలేదు.

లైవ్ సిస్టమ్ మొత్తాన్ని నిలిపి ఉంచాలన్న కోరికే పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను. ‘పర్సిస్టెన్స్.కాన్ఫ్’లో ఉన్న వరుసను తీసేసి, ‘/హోమ్’ అని ఒక్కటే రాశాను. పార్టిషన్‌లో పాత పొర ఆనవాళ్లను తుడిచి, నా ఫైళ్లను మాత్రం కొత్త చోటికి చేర్చాను. ప్రోగ్రాములు కొత్తవి కావాలనుకున్నప్పుడు కొత్త ఐఎస్‌ఓను మూడవ పార్టిషన్‌లో పెట్టి మెనులో పేరు మారిస్తే సరి.

పేరు మార్చే శ్రమ కూడా లేకుండా చేయవచ్చు. డెబియన్ లైవ్ ఐఎస్‌ఓలో ‘లూప్‌బ్యాక్.సీఎఫ్‌జీ’ అనే ఫైలు ఉంటుంది. ఐఎస్‌ఓ దారిని ‘ఐసో_పాత్’ అనే చరరాశిలో పెట్టి ఆ ఫైలును తెరిస్తే, ఐఎస్‌ఓ తన మెనును తానే చూపిస్తుంది. ‘కాన్ఫిగ్‌ఫైల్’ కమాండ్‌తో తెరిస్తే గ్రబ్ కొత్త సందర్భం మొదలుపెడుతుంది కనుక చరరాశిని ముందుగా ‘ఎక్స్‌పోర్ట్’ చేయాలి. దీనిని నాలుగవ వరుసగా చేర్చాను.

పదమూడవ రోజు

సెక్యూర్ బూట్ (నమ్మదగిన డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును బూట్ కానివ్వని ఏర్పాటు) ఆన్‌లో ఉన్న ఒక ల్యాప్‌టాప్ నా గ్రబ్‌ను నిరాకరించింది. నేను తయారు చేసిన ఫైలుకు సంతకం లేదు మరి. డెబియన్ 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి సంతకం ఉన్న షిమ్ (గ్రబ్ కంటే ముందు నడిచి దాని సంతకాన్ని సరిచూసే చిన్న ప్రోగ్రాము), గ్రబ్, కెర్నెల్ ఇస్తోంది. ‘బూట్ఎక్స్64’ పేరుతో షిమ్‌ను పెట్టి, దాని పక్కనే సంతకం ఉన్న గ్రబ్‌ను ‘గ్రబ్ఎక్స్64’ పేరుతో ఉంచాను. తెర మీద మెను లేదు, ఉత్త గ్రబ్ ప్రాంప్టు మాత్రం వచ్చింది. ఆ సంతకం ఉన్న గ్రబ్ తన సెట్టింగులను ‘ఈఎఫ్‌ఐ’ కింద ‘డెబియన్’ అనే ఫోల్డర్‌లో వెతుకుతుంది, నావి వేరేచోట ఉన్నాయి. ఆ ఫోల్డర్ చేసి, నా అసలు మెను ఫైలును వెతికి తెరిచే రెండు వరుసల చిన్న ఫైలు పెట్టాక అంతా యథాప్రకారం నడిచింది. ఐఎస్‌ఓలోని కెర్నెల్ మీద డెబియన్ సంతకం ముందే ఉంది కనుక అక్కడ నేను చేయవలసినది ఏమీ లేకపోయింది.

చివరగా మెను ఏ వరుస మీద ఆగి ఉండాలన్న ప్రశ్న. పోయినసారి ఎంచుకున్నదానిని గుర్తుంచుకునే సౌకర్యం గ్రబ్‌కు ఉంది. 1024 బైట్ల చిన్న ఫైలులో ఆ పేరు రాసుకుంటుంది. ఒకే యంత్రానికి అది బాగుంటుంది. చేతులు మారే పెన్‌డ్రైవ్‌కు నిన్నటి యంత్రం ఎంపిక ఇవాళ్టి యంత్రానికి ఎందుకు వర్తించాలి? అందుకని ఆ జోలికి పోలేదు. ఎవరూ ఏ మీటా నొక్కకపోతే టురామ్ ఎంపికే నడిచేలా పెట్టి, గడువు 8 సెకన్లు చేశాను. ర్యామ్ చాలని చోట అది మామూలు లైవ్ సిస్టమ్‌గా నడుస్తుంది, ఎలా నడిచినా పెన్‌డ్రైవ్ మీద ఏమీ రాయదు. పర్సిస్టెన్స్ ఎంపిక రెండవ వరుసలో ఉంది. మెను ఫైలు నకలు ఒకటి వేరే డిస్కులో దాచి, ఒక్కో ఆప్షన్ పైన దానిని చదివేది ఎవరో వ్యాఖ్యగా రాసి ఉంచాను.